మా మేనత్త మిద్దె విప్పిన వారం

మొన్న ఉదయం కందిపప్పు ఎండబోసుకుందామని నరసరావుపేటలో మా అపార్టుమెంటు మేడ ఎక్కాను. అక్కడ ఇద్దరు పనివాళ్ళు బకెట్లు ముందు పెట్టుకుని తీరిగ్గా టీ తాగుతున్నారు. వానాకాలమంతా పై అంతస్తు వాళ్ళ పడగ్గది గోడలు చెమ్మెక్కితే, ఆ చెమ్మ గురించి మీటింగు మీద మీటింగు పెట్టుకుని, చివరికి స్లాబుకు ఏదో తెల్లటి మందు పూయించాలని తీర్మానించుకున్నాం. పంతులమ్మగా బతుకంతా గడిపిన అలవాటు కొద్దీ, "ఎప్పుడు మొదలుపెడతారు నాయనా?" అని అడిగాను. వాళ్ళలో పెద్దతను జేబులోంచి ఫోను తీసి నా ముందు పెట్టాడు. "వారం దాకా వాన లేదంటమ్మా. చానా టైముంది, తొందరేంది?" అన్నాడు. నేను పప్పు చాప మీద పరిచి నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చున్నాను. దసరా ముందరి ఎండ, ఒంటి మీద పడినా పడినట్టు తెలియదు. వారం రోజులు చాలా టైమా, కాదా అన్న దాని మీద నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. అవి నా సొంతం కావు, మా మేనత్త దగ్గర్నుంచి వచ్చినవి.

ఎనభైల్లో నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. వేసింది గురజాలకు దగ్గర్లో ఓ పల్లెకు. మాది తెనాలి వైపు. గడప దాటితే కాలవ, కాలవ దాటితే వరిచేను, కొబ్బరిచెట్టు నీడన బావి. పల్నాడు అనగానే మా అమ్మ నన్ను అడవికి పంపుతున్నట్టు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా నాన్న మాత్రం నిశ్చింతగా ఉన్నాడు, ఎందుకంటే ఆయన చెల్లెలిని ఆ ఊరే ఇచ్చారు. ఆ ఏడు వైశాఖంలో మామయ్య పోయాడు. వాళ్ళకు పిల్లల్లేరు. నేను అత్తకు తోడుగా ఉంటానని అందరూ అనుకున్నారు. ఎవరికి ఎవరు తోడో బడి తెరిచిన నెలలోనే తేలిపోయింది. నీళ్ళ బిందె చంకనెత్తుకుని దిగుడుబావి మెట్లెక్కడం రాని మేనకోడలిని చూసి ఆవిడ, "మీ అమ్మ నీకు చదువు ఒక్కటే పెట్టిందా, అన్నం పెట్టలేదటే?" అని అడిగింది. మనిషి పొట్టి, గొంతు గట్టి. ఆ గొంతు వినపడినంతసేపు ఇంట్లో భయం లేదు. వక్కపలుకు బుగ్గన పెట్టుకుని నోరు మూసిందంటే మాత్రం ఏదో తేల్చుకున్నట్టే లెక్క. అప్పుడిక బ్రహ్మరుద్రాదులు దిగొచ్చినా లాభం లేదు.

ఆ ఇల్లు మట్టిమిద్దె. మా వైపు ఇళ్ళకు పెంకులో, తాటాకో ఉంటాయి. ఇంటి నెత్తిన బండ్లకొద్దీ మట్టి పోసి దాని కింద నిశ్చింతగా నిద్రపోయే జనాన్ని నేను అక్కడే చూశాను. లావాటి దూలాలు, వాటికి అడ్డంగా కర్రలు, కర్రల మీద నాపరాతి పలకలు, పలకల మీద అడుసు మెత్తి, ఆపైన చవుడు పోస్తారు. చవుడంటే చవిటినేలలో గీకి తెచ్చే ఉప్పుమట్టి. ఎండలో పొడిపొడిగా ఉంటుంది. పొడిగా పరిచి, నీళ్ళు చిలకరించి, దిమ్మిసతో కొట్టి అణిచారంటే, వాన పడగానే ఉబ్బి మూసుకుపోయి చుక్క నీరు కిందికి దిగనివ్వదు. వానలకు ఆ ఉప్పు కొట్టుకుపోయిందంటే చవుడు చచ్చిపోయిందంటారు. అది ఇక వట్టి మన్ను. అందుకని ఊళ్ళోవాళ్ళు రెండేళ్ళకో మూడేళ్ళకో చచ్చిన చవుడు గీకి పారేసి, ఎండాకాలం చివర కొత్తది పోసుకుంటారు. మామయ్య లెక్క వేరు. ఆయన ఏటా పోసేవాడు, గీకడం మాత్రం ఒక్కనాడూ పెట్టుకోలేదు. "మట్టి ఉంటే ఏం, అన్నం అడిగిద్దా?" అనేవాడట. అలా ఏటికేడు పెరిగి పెరిగి, వీధిలో నిలబడి చూస్తే గోడల కంటే కప్పే లావుగా కనపడేది.

ఆయన పోయిన ఎండాకాలం మిద్దె మీద చవుడు పడలేదు. మనిషి పోయిన ఇంట్లో సంవత్సరీకాలు వెళ్ళేదాకా కప్పు ముట్టుకోకూడదని అక్కడ ఆచారం. ఆ ఆచారం గుర్తుచేసింది మామయ్య తమ్ముడు, నేను చిన్నమామయ్య అనే ఆయన. అత్త అప్పుడేమీ అనలేదు, అనే స్థితిలో కూడా లేదు. భాద్రపదం చివర వాయుగుండం పట్టింది. రాత్రీ పగలూ ఒకటే వాన. మొదట వంటింట్లో ఒక మూల కారింది, తర్వాత నడిమింట్లో. ఉన్న గిన్నెలు, చెంబులు, చివరికి నా అన్నం కంచం కూడా కారే చోటల్లా పెట్టాం. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలు చేస్తుండగా నెత్తిమీద ఫెళ్ళుమని చప్పుడైంది. నేను ఉరుమనుకున్నాను. అత్త ముద్ద నోట్లో పెట్టుకోకుండా పైకి చూసింది. నడిమింటి దూలం నిలువునా చీలి ఉంది. తడిసిన మట్టి బరువంతా దాని మీదే కూర్చుంది. "లెగవే పిల్లా, కంచం తీసుకుని వసారాలోకి పా," అంది మామూలుగానే. వసారాలో కూర్చుని అన్నం పూర్తిచేశాం. నేను పైకి చూస్తూ తిన్నాను, ఆవిడ మజ్జిగ కూడా పోసుకుంది.

చిన్నమామయ్యది పక్కనే డాబా ఇల్లు, సిమెంటు స్లాబు. దూలం సంగతి తెలిసి వానలోనే గొడుగేసుకుని వచ్చాడు. మంచివాడు, దానికి సందేహం లేదు. "వదినా, ఇంక ఈ కొంప మీద ఆశ పెట్టుకోబాక. మా ఇంట్లో రెండు గదులు ఊరకే పడున్నయ్. పంతులమ్మని కూడా తీసుకుని వచ్చెయ్. అన్నయ్య ఏడాది తిరిగినాక ఇది పడగొట్టి ఏంచెయ్యాలో చూద్దాం," అన్నాడు. డాబాలో ఫ్యానుంది, స్నానాల గది ఉంది. నాకైతే పెట్టె సర్దుకోవడానికి అరగంట చాలనిపించింది. అత్త ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఆలోచిస్తానని పంపేసింది. ఆయన వెళ్ళాక నాతో అంది: "మంచోడేనే. అదే భయం. చెడ్డోడైతే పోట్లాడి ఎనక్కి రావచ్చు. మంచోళ్ళింటికి పోతే మళ్ళీ రావటం ఉండదు. నా పొయ్యి నేను ఎలిగించుకోటం, నా చేత్తో ఒకళ్ళకి పెట్టటం అయిపోద్ది. ఆకలైనా అడిగి తినాల." నలభై దాటి నాలుగేళ్ళో అయిదేళ్ళో అయిన మనిషి. ముందున్న బతుకంతా ఒకరి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి గడపాలన్న మాట. మళ్ళీ వాయుగుండం పడితే ఆ దూలం నిలవదని ముగ్గురికీ తెలుసు. చిన్నమామయ్య ఆ గడువే పెట్టి వెళ్ళాడు: వాన ఆగగానే కాదు, ఇంకో వాన వచ్చేలోగా రావాలని.

ఆశ్వయుజం వచ్చింది, వాన వెలిసింది. పల్నాడులో నాకు అప్పటిదాకా తెలిసిన కాలాలు రెండే, మాడ్చే ఎండ, ముంచే వాన. మధ్యలో మూడోది ఒకటుందని ఆ వారమే తెలిసింది. తెల్లారేసరికి ఆకాశం తోమి బోర్లించిన ఇత్తడి బిందెలా ఉంది. తూర్పు నుంచి చల్లటి గాలి, అందులో తడిసిన సున్నపురాయి వాసన. మిట్టమధ్యాహ్నం కూడా వాకిట్లో నాపరాళ్ళ మీద చెప్పుల్లేకుండా నడవొచ్చు. వేసవిలో ఆ రాళ్ళ మీద అప్పడం కాల్చుకోవచ్చని అత్తే అనేది. డొంక పొడుగునా తంగేడు పసుపుపచ్చగా పూసింది. పత్తిచేలల్లో తొలికాయలు పగిలి అక్కడక్కడా తెల్లగా కనపడుతున్నాయి. కొండవైపు నుంచి ఆడవాళ్ళు సీతాఫలాల గంపలు నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగేవాళ్ళు. అత్త ఒక గంపెడు కొని గడ్డిలో మాగబెట్టింది. దసరా సెలవులు కాబట్టి బడి లేదు. నేను వసారాలో కాళ్ళు బారజాపుకుని, కాయ మెత్తబడిందా లేదా అని రోజుకు పదిసార్లు నొక్కి చూడడమే ఉద్యోగంగా గడుపుదామనుకున్నాను. అత్త వక్కపలుకు బుగ్గన పెట్టుకుంది.

మాట్లాడకుండా చెంగు బొడ్లో దోపుకుని నిచ్చెన తెచ్చి గోడకు వేసింది. నేను కింద పట్టుకున్నాను. పట్టుకోమని చెప్పలేదు, కానీ వదిలేసే ధైర్యం నాకు లేదు. మొగుడు పోయిన మనిషి ఏడాదన్నా తిరక్కముందే మిద్దెక్కిందని కాసేపటికల్లా వీధిలో ఆడవాళ్ళు గుమిగూడారు. పైనుంచి ఆవిడ కిందికి చూసి, "ఎక్కింది నా ఇల్లే గదమ్మా! మీ మిద్దె కూడా కారతన్నట్టుంది, దిగినాక అటొస్తాలే," అంది. గుంపు పలచబడింది. మధ్యాహ్నానికి గురజాల నుంచి మేస్త్రిని పిలిపించింది. ఆయన సాయిబు, మామయ్యకు పాత స్నేహితుడు, అత్తను అక్కా అనేవాడు. కప్పు మీద తిరిగి, దూలం కింద నిలబడి, గడ్డం గోక్కుని, "అక్కా, ఇది ఇప్పుడు చేసే పని కాదు. మిద్దె విప్పేది ఎండాకాలంలో. విప్పినాక వాన వచ్చిందా, గోడలతో సహా కూలబడిద్ది," అన్నాడు. "రాకపోతే?" అంది అత్త. పార ఆయన చేతిలో పెట్టింది.

నడిమింటి మీది మట్టి తవ్వడం మొదలుపెట్టారు. తవ్వుతున్న కొద్దీ వస్తూనే ఉంది. మోకాలి లోతు దిగినా పలకలు కనపడలేదు. మేస్త్రి వెంట వచ్చిన మనుషులు తట్టలతో పెరట్లోకి పారబోస్తుంటే అక్కడ ఓ గుట్ట తయారైంది. మామయ్య ఏటేటా పోసిందంతా అలా దిగుతుంటే అత్త కొంచెంసేపు తవ్వకం ఆపి నిలబడిపోయింది. "మట్టి కింద నన్ను పడుకోబెట్టి తను పోయాడు మహానుభావుడు," అంది. తిట్టిందో తలుచుకుందో నాకు అర్థం కాలేదు. బరువు దిగాక దూలం సంగతి చూశారు. అంత పొడుగు దూలం మాగిన కర్రతో కావాలంటే మాచర్ల దాకా వెతకాలి, నెల పడుతుంది. ఉన్న దూలానికే కింద ఊతం ఇవ్వడం ఒక్కటే దారి. ఎడ్లు అమ్మేశాక గొడ్లచావిడి ఖాళీగా ఉంది, అందులో మంచి రాతి స్తంభాలున్నాయి. ఒకదాన్ని పీకి తెద్దామంది అత్త. మేస్త్రి తమ్ముడు దాచేపల్లిలో సిమెంటు లారీల మెకానిక్కు. అతని దగ్గర్నుంచి లారీ జాకీ వచ్చింది. లారీ చక్రాన్ని లేపే సాధనంతో ఇంటి కప్పును లేపుతుంటే నేను గుమ్మం బయట నిలబడి తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టాను. చీలిక కిర్రుమంటూ మూసుకుంది. దాని కింద రాతి స్తంభం నిలబెట్టారు.

సరిగ్గా అప్పుడే చిన్నమామయ్య వచ్చాడు. చూసి, "నట్టింట్లో స్తంభమేంది వదినా? ఏ వాస్తులో ఉంది? ఇంటికి అరిష్టం," అన్నాడు. అత్త చేతుల మట్టి దులుపుకుంటూ, "ఉన్న అరిష్టం వైశాఖంలోనే జరిగిపాయె. ఆయన పోయిన కాడ్నుంచి ఈ నట్టింట్లో నిలబడింది నేనే అబ్బాయ్. పక్కన ఇంకోటి నిలబడితే నాకూ కాస్త ఊపిరాడుద్ది," అంది. ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు. కోపం వచ్చిందేమోననుకున్నాను. కోపం కాదు, ఈ మనిషిని ఒప్పించే దారేదీ అని బెంగ.

దూలం నిలబడింది, పలకలు మళ్ళీ పరిచారు, అడుసు మెత్తారు. ఇక చవుడు కావాలి. అసలు చిక్కు అక్కడొచ్చింది. ఊరి చివర చవిటినేలకు అత్త, నేను, మేస్త్రి కలిసి వెళ్ళాం. అన్నాళ్ళు నానిన నేల, అడుగుపెడితే మడమ దాకా దిగబడింది. నా చెప్పు ఒకటి అందులోనే ఉండిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. అత్త వంగి గుప్పెడు తీస్తే వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. తడిచవుడు మిద్దెకు పనికిరాదు, ఆరేటప్పుడు నెర్రెలిచ్చి ముందుకంటే ఎక్కువ కారుతుంది. ఈ మెత్తటి ఎండకు ఆ నేల ఆరాలంటే దీపావళి వెళ్ళాలి. ఆ వాతావరణాన్ని అంతదాకా మెచ్చుకున్న నాకే అప్పుడు ఒళ్ళు మండింది. సుఖానికి తప్ప పనికి రాని ఎండ! తిరిగొచ్చేసరికి చిన్నమామయ్య రేడియో వసారా గోడ మీద పెట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ సముద్రంలో అల్పపీడనం అని చెప్పిందట. "పట్టా కప్పేద్దాం అక్కా," అన్నాడు మేస్త్రి. "ఈ గాలికి పట్టా నిలవదు, నీకూ తెలుసు," అంది అత్త. పనివాళ్ళు పారలు కడుక్కుని వెళ్ళిపోయారు. కప్పు మీద అడుసు తప్ప ఏమీ లేదు. ఇంట్లో కూర్చుని పైకి చూస్తే, వెలుతురు కోసం కప్పులో వదిలే కంత చుట్టూ సన్నగా వెలుగుగీతలు కనపడుతున్నాయి. ఆ పూట ఆవిడ వంట చేయలేదు. మాగిన సీతాఫలాలు ముందేసుకుని తిన్నాం. గింజలు ఉమ్మడం తప్ప ఇంట్లో వేరే చప్పుడు లేదు. ఓడిపోయిందని అనుకున్నాను. ఆవిడ ఓడిపోవడం చూడడం నాకు ఇష్టం లేదని కూడా అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే నిద్రలేచి చూస్తే పక్కన అత్త లేదు. నిచ్చెన గోడకు ఉంది. నేనూ ఎక్కాను. నడిమింటి మీద మాత్రమే విప్పారు కాబట్టి వసారా గది మీద పాత మట్టి అలాగే ఉంది. తవ్విన చోట అది నిలువుగా తెగి, గట్టులా నిలబడి ఉంది. అత్త దాని ముందు గొంతుక్కూర్చుంది. ఏటికొక పొర చొప్పున రంగు మారుతూ, పైది నల్లగా, కిందిది బూడిదరంగుగా, స్పష్టంగా తెలుస్తోంది. ఆవిడ పైపొరలోంచి చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకుంది, ఉమ్మేసింది. దాని కింది పొర, మళ్ళీ ఉమ్మేసింది. చవుడు చచ్చిందో బతికుందో అక్కడ అందరూ అలాగే రుచి చూసి చెబుతారు. చేతికీ కంటికీ తెలియదు. బాగా కింద, రెండు పొరలు కలిసినట్టుగా లావుగా ఓ తెల్లటి చార ఉంది. అందులోంచి తీసి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. తెరవలేదు. నాకు భయమేసి "అత్తా" అని పిలిచాను. "నోరు తెరువు," అంది. నేను తెనాలి పిల్లని, మట్టి తినే అలవాటు లేదు. "పంతులమ్మవి గదా, పరీక్షలు పెట్టేదానివి, నువ్వూ ఒకటి రాయవే!" అని నా నాలుక మీద పెట్టింది. ఉప్పు. కూరలో చెయ్యి జారినంత ఉప్పు.

ఆ ఉప్పు ఎలా నిలిచిందో చిన్నమామయ్య వచ్చి చెబితేగానీ నాకు అర్థం కాలేదు. అత్త గోడ మీదుగా కేకేస్తే ఆయన హడావుడిగా నిచ్చెనెక్కి వచ్చాడు, ఎవరో పడ్డారనుకుని. ఆవిడ ఓ చిటికెడు చవుడు ఆయన చేతిలో పోసింది. ఆయన నోట్లో వేసుకుని అక్కడే చతికిలబడ్డాడు. చాలా ఏళ్ళ కిందట వరసగా రెండేళ్ళు కరువొచ్చిందట. జొన్న కూడా మొలవలేదు. ఊళ్ళో ఎవరూ మిద్దెలకు చవుడు పోయలేదు, వానే లేనప్పుడు ఎందుకని. మామయ్య ఒక్కడే రెండేళ్ళూ బండి కట్టుకుని వెళ్ళి తెచ్చి పోశాడు. "అందరం నవ్వాం వదినా. నేను అందరికంటే ఎక్కువ నవ్వా. మబ్బే లేదు, చవుడేంది అన్నయ్యా నీకు, మతి పోయిందా అన్నా. వాన రాకపోతే అది వాన తప్పు, పోయకపోతే నా తప్పు, అన్నాడు," అని చెప్పి ఆయన ఆ తెల్లటి చారను వేలితో తడిమాడు. ఆ రెండేళ్ళూ చవుడు మీద చుక్క పడలేదు. మూడో ఏడు వానలు రాకముందే మామయ్య దాని మీద కొత్త పొర పోశాడు. గీకే అలవాటు లేని మనిషి కాబట్టి అది అలాగే ఉండిపోయింది, తడవకుండా, చావకుండా. మొన్నటి వాయుగుండానికి కారిన నీళ్ళు కూడా నెర్రెల వెంట దిగిపోయాయి గానీ ఆ పొరను నానబెట్టలేదు. ఆ ఊళ్ళో ఎవరి ఇంటి మీదా అలాంటి మట్టి లేదు, ఉండే అవకాశమూ లేదు.

"పెరట్లో గుట్టలో కూడా ఉంటదే! నడిమింటిది అడుగున తవ్వింది ఆఖర్న పోశారు, పైనే ఉంటది," అంది అత్త అప్పటికే నిచ్చెన దిగుతూ. తర్వాత ఆ ఇల్లు ఇల్లులా లేదు, కళ్ళంలా ఉంది. మేస్త్రి వచ్చాడు, రుచి చూశాడు, పై దేవుణ్ణి తలుచుకుని చొక్కా విప్పాడు. తట్టకు ముందు నాలుక, తర్వాత పార. ఉప్పగా ఉన్నది ఒకవైపు, చప్పగా ఉన్నది ఒకవైపు. ఆ పని నాదైంది, ఎందుకంటే నాకు వేరే పని చేతకాదని రుజువైపోయింది. సాయంత్రానికి నాలుక మొద్దుబారి కాఫీ కూడా చవుడులాగే అనిపించింది. జల్లెడ పట్టిన చవుడు తట్టల్లో పైకి వెళ్ళింది. చిన్నమామయ్య తన పాలేళ్ళను పిలిచి, చివరికి తనే పంచె ఎగ్గట్టి దిమ్మిస అందుకున్నాడు. వదిన పక్కన నిలబడి మిద్దెకు దిమ్మిస కొట్టాడు, డాబా ఇంటి ఆసామి. "గట్టిగా కొట్టబ్బాయ్, మీ అన్న లేడు తిట్టటానికి," అంది అత్త. మొత్తానికి సరిపడా రాలేదు. మందం తగ్గించి, నడిమిల్లు, వంటిల్లు, వసారా గది అన్నిటి మీదా వేలెడు లెక్కన సాగదీశారు. "సరిపోతే సరిపోద్ది అక్కా," అన్నాడు మేస్త్రి. అంతకంటే ధైర్యం చెప్పడానికి ఆయన దగ్గరా లేదు. పై పని ముగిసేసరికి తూనీగలు బాగా కిందికి దిగి ఎగురుతున్నాయి. తూర్పున మబ్బు గోడ కట్టింది.

వాన మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. మొదట గాలి, తర్వాత పెద్దపెద్ద చినుకులు, ఆ తర్వాత ఇక ఏమీ కనపడలేదు. చిన్నమామయ్య గొడుగుతో పరుగెత్తుకొచ్చాడు, మేమిద్దరం తనతో వచ్చేస్తామేమోనని ఇంకా ఆయనకు ఆశ. తూములు చూసిపోదామని వచ్చిన మేస్త్రి వెళ్ళలేక మా ఇంట్లోనే చిక్కుకుపోయాడు. నలుగురం నడిమింట్లో రాతి స్తంభం చుట్టూ నిలబడి పైకి చూస్తున్నాం. పైన నీళ్ళు పారుతున్న చప్పుడు, తూముల్లోంచి వాకిట్లోకి దూకుతున్న చప్పుడు. నా మెడ నొప్పి పుట్టింది. ఎంతసేపటికో మేస్త్రి నెమ్మదిగా గోడ తడిమి చూసి, చెయ్యి మాకు చూపించాడు. పొడిగా ఉంది. చిన్నమామయ్య గొడుగు ఇంకా తెరిచే పట్టుకుని ఉన్నాడు. ఆ సంగతి అప్పుడే గమనించి, సిగ్గుపడి మూసి, గోడకు ఆనించాడు.

అత్త ఏడ్చింది. మామయ్య పోయిన రోజున నలుగురూ ఏడవమన్నా ఏడవని మనిషి, స్తంభానికి తల ఆనించి, నోరు తెరిచి, చిన్నపిల్లలా ఏడ్చింది. మేం ముగ్గురం ఎటు చూడాలో తెలియక నిలబడ్డాం. తర్వాత చెంగుతో ముఖం తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళి పొయ్యి రాజేసింది. జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి, పప్పు. చిన్నమామయ్య పోతానని లేచాడు, ఇంట్లో ఎదురుచూస్తుంటారని. "కూర్చో అబ్బాయ్. మా ఇంట్లో తినిపో," అంది. మా ఇంట్లో అన్న మాట ఆవిడ కొంచెం నొక్కి పలికింది. ఆయన పీట వేసుకుని కూర్చున్నాడు. ఆయనకూ, మేస్త్రికీ, నాకూ ఆవిడే వడ్డించింది. బయట వాన కుండపోతగా కురుస్తుంటే, ఇంకో రొట్టె వేసుకోమని ఒక్కొక్కరినీ బలవంతపెట్టింది. అప్పుడు నాకు ఆవిడ మీద కలిగింది జాలి కాదు, గౌరవం కూడా కాదు. ఎలాగైనా సరే నేనూ ఇలాగే ఉండాలి అన్న పంతం.

ఉన్నానో లేదో నాకు తెలియదు. నాకు బదిలీ అయింది, పెళ్ళయింది, పనులన్నీ తర్వాత చూద్దామని వాయిదా వేసుకుంటూ చాలా మంచి రోజులు వెళ్ళదీశాను. అత్త ఆ ఇంట్లోనే, తన పొయ్యి ముందే ముసలిదైంది. వెళ్ళినవాళ్ళందరికీ పెట్టి పంపింది. చివరిసారి నేను చూసినప్పుడు కూడా నన్ను తినకుండా కదలనివ్వలేదు. కాలం ఎవరికైనా ఇచ్చేది రెండు వానల మధ్య కాస్త తెరిపి. అది చాలదని మేమందరం అన్నాం. ఆవిడకు సరిపోయింది.